ట్రస్టు ఆసుపత్రికి ఏఐ కెమెరా కొనాలా? ముందు ఏమేం అడగాలి?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. కోనసీమలో మా ఊరి ట్రస్టు ఆసుపత్రికి కార్యదర్శిగా ఉంటున్నాను. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, అంతే మా బలగం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు. అమెరికాలో స్థిరపడిన మా ఊరివాళ్లు ఈ ఏడాది కొంత డబ్బు పంపుతామనీ, దాంతో ఏదైనా కొత్త టెక్నాలజీ పెట్టమనీ అన్నారు. ఇప్పుడు మా ముందు మూడు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, కంటి లోపలి ఫోటో తీసి షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నదో లేదో ఏఐతో చెప్పే కెమెరా. 97 శాతం ఖచ్చితత్వం ఉందనీ, వందలాది ఆసుపత్రుల్లో వాడుతున్నారనీ కంపెనీ చెబుతోంది. రెండోది, ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తే, ఎవర్ని డాక్టరు దగ్గరకు పంపాలో చెప్పే యాప్. రెండు ఊళ్లలో ఆరు నెలలు ప్రయోగాత్మకంగా పైలట్ చేశారట, చాలామందికి బీపీ తగ్గిందట. మూడోది, దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు తయారుచేస్తున్న యాప్. ఫోన్‌లో దగ్గు రికార్డు చేస్తే టీబీయో, ఉబ్బసమో చెబుతుందట. వాళ్లకు డబ్బు అక్కర్లేదు, మా పేషెంట్ల దగ్గు రికార్డు చేసుకోనిస్తే చాలంటున్నారు. మా డాక్టరుగారి మనసు కెమెరా మీద ఉంది, కమిటీలో కొందరి మనసు యాప్ మీద ఉంది. నేను వైద్యం తెలిసినవాడిని కాను. వీటిని దేంతో తూచాలి?

– ఒక కార్యదర్శి, కోనసీమ

సమాధానం:

మాస్టారూ, నమస్కారం.

ఏది కొనాలని కాకుండా దేంతో తూచాలని అడిగారు. చాలా సంతోషం. అసలు జవాబు ముందే చెప్పేస్తాను: మూడింటినీ ఒకే ప్రశ్నతో తూచకండి. దగ్గు యాప్ ఇంకా తయారీలో ఉంది. బీపీ యాప్ పైలట్ వరకు వచ్చింది. కెమెరా మార్కెట్లో ఉంది. ఒక్కో దశలో తేలాల్సిన సంగతి వేరు, చూపించాల్సిన రుజువు వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో డిజిటల్ ఆరోగ్య పరికరాల మదింపు మీద ఒక మార్గదర్శిని తెచ్చింది. అందులోని వరస క్లుప్తంగా ఇది. మొదట, అసలు పనిచేస్తుందా, వాడాల్సినవాళ్లు వాడగలుగుతారా అన్నది చూడాలి. తర్వాత, అన్నీ అనుకూలంగా అమర్చిన చోట ఆరోగ్యంలో మార్పు తెస్తుందా అన్నది. ఆ తర్వాత, కరెంటు పోయే, నర్సు సెలవు పెట్టే మామూలు చోట కూడా తెస్తుందా అన్నది. చివరికి, వందల ఊళ్లకు పాకినా, ఏళ్లు గడిచినా నిలుస్తుందా అన్నది. ఒక మెట్టు మీద వచ్చిన మార్కులు తర్వాతి మెట్టుకు పనికిరావు. మీ దగ్గరకు వచ్చే ప్రతినిధులు చాలాసార్లు కింది మెట్టు మార్కులు చూపించి పై మెట్టు ధర అడుగుతారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననడం లేదు. ఆ అంకె ఏ మెట్టు మీద వచ్చిందో అడిగితే తప్ప చెప్పరు. అడగాల్సింది మీరే.

ముందు కెమెరా సంగతి చూద్దాం. డబ్బు ఎక్కువగా పోయేది దానికే. పైగా ఈ రకం టెక్నాలజీ మెట్టు మెట్టుకూ ఎలా నడిచిందో మనకు రాతపూర్వకంగా తెలుసు, అందులో మన దేశం పాత్ర కూడా పెద్దదే.

2016లో గూగుల్ పరిశోధకులు జామా అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వేశారు. అరవింద్ కంటి ఆసుపత్రి, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయల నుంచి వచ్చిన ఫోటోలు కూడా ఆ ఏఐకి నేర్పడానికి వాడారు. ఫోటోల సంచయాలు రెండింటి మీద పరీక్షిస్తే, జబ్బున్న ఫోటోల్లో 97.5 శాతాన్ని ఒక చోట, 96.1 శాతాన్ని ఇంకో చోట పట్టుకుంది. అద్భుతమైన ఫలితమే. కానీ అవన్నీ అప్పటికే తీసి దాచిన ఫోటోలు. అది మొదటి మెట్టు.

తర్వాత అరవింద్‌లోనూ, శంకర నేత్రాలయలోనూ నిజంగా వచ్చిన 3,049 మంది పేషెంట్ల మీద చూశారు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. జబ్బును పట్టుకోవడం అరవింద్‌లో 88.9 శాతం, శంకర నేత్రాలయలో 92.1 శాతం. కాస్త దిగింది. అయినా అక్కడ ఫోటోలు చూసి చెప్పే మనుషులకు తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగు కూడా. అయితే ఇవి దేశంలోకెల్లా పేరున్న కంటి ఆసుపత్రులు. ఫోటో తీసేవాళ్ల చేయి తిరిగి ఉంటుంది, గది చీకటిగా ఉంటుంది.

మీ ఆసుపత్రికి పోలిక వచ్చేది మూడో మెట్టు. 2018 చివర్లో, 2019లో థాయ్‌లాండ్‌లో పాథుమ్ థానీ, చియాంగ్ మై ప్రాంతాల్లోని 11 క్లినిక్కుల్లో ఇదే వ్యవస్థను నర్సుల చేతికిచ్చి, ఏం జరుగుతుందో పరిశోధకులు దగ్గరుండి చూశారు. పదకొండింటిలో రెండు చోట్ల మాత్రమే కంటి పరీక్షకని చీకటి చేసుకోగల గది ఉంది. మొదటి నెలల్లో పెట్టిన 1,838 ఫోటోల్లో 21 శాతం స్పష్టంగా లేవని యంత్రం వెనక్కి కొట్టింది. నర్సు కంటికి బాగానే కనిపించే ఫోటో కూడా దానికి చాలలేదు. వెనక్కి కొట్టినప్పుడల్లా పేషెంటును వేరే చోట కంటి డాక్టరు దగ్గరకు పంపాలి. ఇంటర్నెట్ నెమ్మదైతే వరస ఆగిపోయేది. ఒక క్లినిక్కులో నెట్ రెండు గంటలు పోతే, ఆ రోజు చూడాల్సిన 200 మందిలో 100 మందినే చూడగలిగారు. అనవసరంగా దూరం తిరగాల్సి వస్తుందేమోనని కొందరు నర్సులే పేషెంట్లను ఈ పరీక్షకు వద్దన్నారు. ఏఐకి చదవడం రాకపోవడం వల్ల కాదు ఇదంతా. దాని చుట్టూ ఉన్న గది, నెట్, బస్సు దారి కుదరలేదు, అంతే.

అలాగని పనికిరాదనుకోకండి. అదే దేశంలో తొమ్మిది ప్రాథమిక కేంద్రాల్లో పద్ధతిగా చేసిన పెద్ద అధ్యయనం 2022లో వైద్య పత్రిక లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో వచ్చింది. 7,651 మందిలో, చూపు పోయే ప్రమాదమున్నవారిని 91.4 శాతం పట్టుకుంది. ప్రమాదం లేనివారిని లేదని 95.4 శాతం సరిగ్గా చెప్పింది. ఆరేళ్లలో ఒక టెక్నాలజీ కంప్యూటర్ బల్ల మీద నుంచి పల్లె క్లినిక్కు దాకా మెట్లు ఎక్కితే ఎలా ఉంటుందో చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీకు అమ్ముతున్న కెమెరా ఇది కాకపోవచ్చు. అలాంటప్పుడు ఆ కంపెనీ తన సొంత మెట్లు తాను చూపించాలి. ఒకరి పరీక్షా ఫలితం ఇంకొకరి కెమెరాకు చెల్లదు.

ఇక ఆ 97. ఖచ్చితత్వం అన్న ఒక్క అంకెను ఎప్పుడూ నమ్మకండి. వందమందిలో అయిదుగురికే జబ్బుంటే, ఏ ఫోటో చూడకుండా అందరికీ బాగుందని చెప్పే యంత్రం కూడా 95 శాతం ఖచ్చితమే అవుతుంది. మీరు అడగాల్సినవి రెండు అంకెలు: జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంది, లేనివాళ్లలో ఎంతమందిని లేదని సరిగ్గా చెప్పింది. డాక్టర్లు వీటిని సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ అంటారు. ఈ రెండూ చేతికొస్తే మిగతా లెక్క మీరే బోర్డు మీద వేయగలరు.

ఉదాహరణకు మీ ఊరూ చుట్టుపక్కలా వెయ్యిమంది షుగరు ఉన్నవాళ్లను పరీక్షించారనుకుందాం. అందులో 50 మందికి వెంటనే కంటి డాక్టరు చూడాల్సిన స్థితి ఉందనుకుందాం. రెండు అంకెలూ తొంభై తొంభై అనుకోండి. 50లో 45 మంది దొరుకుతారు, అయిదుగురు జారిపోతారు. మిగతా 950లో పదోవంతు, అంటే 95 మందికి జబ్బు లేకపోయినా ఉందని వస్తుంది. మొత్తం 140 మందిని మీరు కాకినాడకో, రాజమండ్రికో పంపాలి. వాళ్లలో నిజంగా వెళ్లాల్సినవాళ్లు 45 మందే, మూడోవంతు కూడా లేరు. దీనికి తోడు ఫోటో సరిగ్గా రానివాళ్లు. మీ దగ్గర పెద్దవయసువాళ్లు ఎక్కువన్నారు, వాళ్లలో చాలామందికి శుక్లాలుంటాయి, కనుపాప చిన్నదై ఉంటుంది, ఫోటో మసకగా వస్తుంది. శుక్లం ఉన్నవాళ్లు ఎలాగూ కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినవాళ్లే కాబట్టి అదంతా వృథా అనను. కానీ ఒక్కో మనిషి వెళ్లడమంటే తోడు మనిషి కావాలి, ఒకరోజు కూలీ పోతుంది, బస్సు ఛార్జీలు కావాలి. మీరు చీటీ రాసిచ్చిన 140 మందిలో ఎంతమంది నిజంగా వెళతారు? కెమెరా వల్ల మీ ఊళ్లో ఒక్కరి చూపైనా నిలిచిందా లేదా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది, కంపెనీ కరపత్రం మీద కాదు.

వందలాది ఆసుపత్రుల్లో వాడుతున్నారన్న మాటకూ అంత బరువు ఇవ్వకండి. అమెరికాలో ఎపిక్ అనే కంపెనీ, ఆసుపత్రిలో చేరిన పేషెంట్లకు ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్ రాబోతోందేమో ముందే హెచ్చరించే మోడల్‌ను తన సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది. వందల ఆసుపత్రుల్లో నడిచింది. 2021లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ఆసుపత్రిలో 27,697 మంది పేషెంట్ల రికార్డులతో సరిచూస్తే, సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతాన్ని అది పట్టుకోలేకపోయింది. అయినా చేరినవాళ్లలో 18 శాతానికి హెచ్చరిక గంట మోగించింది. ఎక్కువమంది కొన్నారు కాబట్టి మంచిదని, మంచిది కాబట్టి కొన్నారని, ఇలా గుండ్రంగా తిరిగే వాదనను ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు లెక్క తీసి ఆపాలి. బయటివాళ్లు, అంటే కంపెనీ జీతం తీసుకోనివాళ్లు, కంపెనీ చూడని పేషెంట్ల మీద చేసిన పరీక్ష ఉందా అని అడగండి. మార్కెట్లో ఉన్నదాన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

కాగితాలు కూడా చూడాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి జబ్బును గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో సహా వైద్య పరికరాలన్నీ చట్టం కిందకు వచ్చాయి. ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులున్నాయి. కెమెరాకు ఒక లైసెన్సు ఉండొచ్చు, ఏఐకి వేరే లైసెన్సు కావచ్చు. రెండూ అడగండి. లైసెన్సులో దేనికి వాడాలని రాసి ఉందో చదవండి. ఏ వయసువాళ్లకు, ఏ కెమెరాతో, డాక్టరు పక్కనుంటేనా, లేకున్నానా అన్నది అక్కడే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు మీకు చెబుతారా అని కూడా రాతపూర్వకంగా అడగండి. ఈ ఏడాది పరీక్షించిన ఏఐ, వచ్చే ఏడాది అప్‌డేట్ తర్వాత అదే ఏఐ కాకపోవచ్చు.

ఇవన్నీ సరిపోతే, కొనే ముందు మూడు నెలలు మీ దగ్గరే పెట్టి చూడనివ్వమనండి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. చాలామంది, యంత్రం జబ్బుందని చెప్పిన ఫోటోలనే కంటి డాక్టరుకు పంపి సరిచూసుకుంటారు. అలా చేస్తే అది వదిలేసినవి ఎప్పటికీ బయటపడవు. బాగుందని చెప్పిన ఫోటోల్లోంచి కూడా ప్రతి ఇరవయ్యో దాన్ని, ముందుగా అనుకున్న వరస ప్రకారం, ఏరుకోకుండా కంటి డాక్టరుకు పంపండి. యంత్రం ఏం చెప్పిందో ఆయనకు చెప్పకండి. రిజిస్టరులో నాలుగు గడులు గీయండి: ఫోటో వచ్చిందా రాలేదా, యంత్రం ఏమంది, డాక్టరు ఏమన్నారు, పేషెంటు పెద్దాసుపత్రికి వెళ్లారా లేదా. నాలుగో గడిని నింపడానికి నర్సు ఫోన్ చేయాలి. అది తప్పక చేయించండి.

నా అభిప్రాయం అడిగితే, కెమెరా మంచి ఆలోచనే. షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బు ముదిరేదాకా నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టూ తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది, ముందే దొరికితే లేజరుతోనో ఇంజెక్షన్లతోనో చూపు నిలపొచ్చు. అందుకే మీ డాక్టరుగారి ఆరాటం నాకు అర్థమవుతోంది. కాకపోతే ఏదైనా కంటి ఆసుపత్రితో, ఫలానా రోజు మీ చీటీ పట్టుకొచ్చినవాళ్లను చూస్తామన్న ఒప్పందం చేతికొచ్చాకే అడ్వాన్సు కట్టండి. ఆ ఒప్పందం లేకపోతే మీరు చేసేదల్లా వైద్యం దొరకని జబ్బును మనిషికి చెప్పి భయపెట్టడమే. అలాంటిది జరగకూడదని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక బీపీ యాప్. దీని విషయంలో కమిటీలో మీరు ఒంటరివారైనా సరే గట్టిగా నిలబడండి, ఎందుకంటే ఇలాంటివి పైకి చాలా బాగా కనిపిస్తాయి.

ఆరు నెలల్లో చాలామందికి బీపీ తగ్గిందన్నారు. ఎవరితో పోలిస్తే? ఒక ఊళ్లో బీపీ ఎక్కువున్నవాళ్లనే ఏరి, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తే, మీరు ఏమీ చేయకపోయినా సగటు కొంత దిగుతుంది. మొదటిసారి కొలిచినప్పుడు కొందరికి ఆ రోజుకు మాత్రమే ఎక్కువ ఉంటుంది. యాప్ లేని ఊళ్లో కూడా ఎవరో ఒకరు రెండోసారి వచ్చి కొలిస్తే తగ్గే ఉంటుంది. ఇది తేలాలంటే పక్కన పోల్చడానికి ఇంకో గుంపు ఉండాలి.

దీనికి మంచి రుజువు ఉంది. ఎంవెల్‌కేర్ అనే ట్యాబ్ వ్యవస్థను హర్యానా, కర్ణాటకల్లో 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించారు. సగం కేంద్రాల్లో నర్సులకు ఆ యాప్ ఇచ్చారు, మిగతా సగంలో మామూలు వైద్యాన్నే కొంచెం మెరుగుపరిచారు. 2019లో ఫలితాలు వచ్చాయి. యాప్ ఉన్నచోట బీపీ, షుగరు తగ్గాయి. యాప్ లేనిచోట కూడా దాదాపు అంతే తగ్గాయి. రెండో గుంపు లేకుండా ఉంటే ఆ యాప్ గొప్ప విజయమని ఊరూరా చెప్పుకునేవాళ్లం. రెండో గుంపును పెట్టి, తేడా లేదని బయటపెట్టిన ఆ పరిశోధకులంటే నాకు చాలా గౌరవం.

ఇంకొకటి మీకు మరీ దగ్గరిది, వసిష్ఠ గోదావరి అవతల జరిగింది. స్మార్ట్‌హెల్త్ అనే వ్యవస్థను జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థవాళ్లు పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్లలో పరీక్షించారు. మీకు చూపించిన యాప్ చేసే పనే దాదాపు ఇది కూడా చేసింది: ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో ఇంటింటికీ వెళ్లి గుండెజబ్బు ప్రమాదం లెక్కకట్టడం, ప్రమాదమున్నవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపడం, మళ్లీ వెళ్లి చూడడం. పీహెచ్‌సీలు విడతలవారీగా ఇందులో చేరాయి, ఏది ఎప్పుడు చేరాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయమైంది. రెండేళ్లు నడిచింది. ఆశాలు దాన్ని చక్కగా వాడారు. 2019లో అచ్చయిన ఫలితం: బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డాక్టరు దొరకడం, మందులు దొరకడం ఒక్కోచోట ఒక్కోలా ఉండడం దీనికి కారణం కావచ్చని పరిశోధకులు రాశారు. అదే స్మార్ట్‌హెల్త్‌ను ఇండోనేషియాలో మలంగ్ జిల్లాలో పెట్టినప్పుడు, ప్రమాదమున్నవారిలో బీపీ మందు వాడుతున్నవారు ఆ ఊళ్లలో 56.8 శాతానికి చేరారు. పోల్చిచూసిన ఊళ్లలో 15.7 శాతమే. అక్కడ చీటీ తీసి ఊళ్లను ఎంచలేదు కాబట్టి ఆ ఫలితాన్ని కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా ఒక సంగతి కనిపిస్తోంది: అక్కడ మందు మనిషి చేతికి చేరింది.

ఒకే టెక్నాలజీ, రెండు చోట్ల రెండు ఫలితాలు. అందుకే మీ కమిటీ ముందు ఈ ప్రశ్న పెట్టండి: యాప్ ఒక ముసలావిడను డాక్టరు దగ్గరకు వెళ్లమంటే, ఆ రోజు మీ దగ్గర డాక్టరుకు ఆమెను చూసే తీరిక ఉందా? నెలకు సరిపడా బీపీ మాత్రలు ఇవ్వగలరా? వచ్చే నెలా ఇవ్వగలరా? ఒక్క డాక్టరుతో ఇప్పటికే వరస కట్టి ఉంటే, ఇంటింటికీ తిరిగి ఇంకో నాలుగువందల మందిని పంపడం వల్ల ఆ వరస పొడవవుతుంది, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో డిజిటల్ పద్ధతుల మీద తన మొదటి సిఫార్సులు తెచ్చినప్పుడు కూడా, పనిచేసే ఆరోగ్య వ్యవస్థకు ఇవి బదులు కావని స్పష్టంగా చెప్పింది. ఈ ఏడాది ఆ యాప్‌కు డబ్బు పెట్టొద్దన్నది నా సలహా. ఆ కంపెనీకి నిజంగా నమ్మకముంటే, మీ చుట్టుపక్కల పది ఊళ్లను తీసుకుని అయిదింటిలో ముందు, అయిదింటిలో ఏడాది తర్వాత పెట్టమనండి. ఏవి ముందో చీటీ తీయండి. సీటీఆర్‌ఐ అని మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్టరు ఉంది, అందులో ముందే నమోదు చేయమనండి. అది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ముందే నమోదైతే, ఫలితం నచ్చనప్పుడు కొలబద్ద మార్చడం కుదరదు. అలాంటి పరీక్షకు వాళ్లు ఒప్పుకుంటే మీరు ఆనందంగా చోటివ్వండి.

దగ్గు యాప్ పిల్లలను మాత్రం వెనక్కి పంపకండి. వాళ్లను ట్రయల్ ఫలితాలు అడగడం అన్యాయం, ఇంకా ఆ మెట్టు రాలేదు. వాళ్లను అడగాల్సింది ఇది: మీ ఫోను నిజంగా జబ్బును వింటోందా, ఇంకేదైనా వింటోందా?

కోవిడ్ రోజుల్లో దగ్గు విని కోవిడ్ పట్టే ఏఐలు చాలా వచ్చాయి, తొంభై శాతం పైన అని కూడా చెప్పుకున్నారు. బ్రిటన్‌లో 67,842 మంది గొంతులు, దగ్గులు రికార్డు చేసి జాగ్రత్తగా చూశారు, 2024లో ఫలితం వచ్చింది. మామూలుగా చూస్తే ఏఐ స్కోరు 0.846, బాగానే ఉంది. వయసు, స్త్రీ పురుషులు, లక్షణాలు సమానంగా ఉండేట్టు జతలు కట్టి చూస్తే అది 0.619కి పడిపోయింది. నాణెం ఎగరేస్తే 0.5 వస్తుంది. అంటే అది కోవిడ్‌ను కాదు, ఒంట్లో బాగాలేనివాళ్లు, బాగున్నవాళ్లు అన్న తేడాను పట్టుకుంది. లక్షణాలు అడిగి తెలుసుకునేదానికంటే ఎక్కువేమీ చేయలేదు. ఆ కాలేజీ పిల్లల యాప్‌కూ ఇదే ప్రమాదం. టీబీ పేషెంట్ల దగ్గు ఆసుపత్రిలో ఒక ఫోన్‌తో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల దగ్గు హాస్టల్లో ఇంకో ఫోన్‌తో రికార్డు చేస్తే, యాప్ గదుల తేడా నేర్చుకుంటుంది. ఒకే గది, ఒకే ఫోను, దగ్గుతో వచ్చిన ప్రతి ఒక్కరూ, ఇలా వరసగా తీసుకోవాలి. టీబీ ఉందో లేదో కఫం పరీక్షతో తేల్చాలి. ఆ ఫలితం చూడకముందే యాప్ ఏం చెప్పిందో రాసిపెట్టాలి.

మీ షరతులు కూడా చెప్పండి. వాళ్ల కాలేజీ తరఫున గానీ, ఏదైనా మెడికల్ కాలేజీ తరఫున గానీ ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, అనుమతి ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఆరోగ్యరంగంలో ఏఐ మీద ప్రత్యేకంగా నైతిక నియమావళి తెచ్చింది, వాళ్ల గైడు అది చదివి ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపించేలా ఉండాలి. వద్దన్నవాళ్లకు వైద్యంలో తేడా రాదని అందులో రాసి ఉండాలి. రికార్డులు ఎక్కడ దాస్తారు, ఎవరికి ఇస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది రాసివ్వాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్ట్యా మీ ట్రస్టుకూ బాధ్యత ఉంది. అన్నింటికంటే ముఖ్యం, ఈ దశలో యాప్ చెప్పింది పేషెంటుకు చెప్పకూడదు. టీబీ లేదని ఫోను చెప్పిందని ఒక్క మనిషి కఫం పరీక్ష మానేసినా అది ఆ ఇంటిల్లిపాదికీ ప్రమాదం. ఇంకో చిన్న జాగ్రత్త: టీబీ అనుమానం ఉన్నవాళ్లను దగ్గమనడమంటే క్రిములు గాలిలోకి వస్తాయి. రికార్డింగు ఆరుబయట గాలి తగిలేచోట పెట్టించండి, పిల్లలకు ఎన్‌95 మాస్కులు ఇప్పించండి.

ఇక డబ్బు. దాతలకు కెమెరా ఒక్కటే ఖర్చుగా చూపించకండి. ఏఎంసీ, అంటే ఏటా కట్టాల్సిన నిర్వహణ ఖర్చు ఎంత, మొదటి ఏడాది తర్వాత ఫోటోకు ఇంత అని ఛార్జీ ఉందా, కంపెనీ మూతపడితే ఫోటోలు మీకు దక్కుతాయా అన్నవి ఒప్పందంలో ఉండాలి. చీటీ రాసిచ్చినవాళ్లకు దారి ఖర్చులకు, వాళ్లకు ఫోన్లు చేసి వెంటబడే ఒక మనిషి జీతానికి రెండేళ్లకు సరిపడా పక్కన పెట్టండి. అమెరికాలో ఉన్న మీవాళ్లు ప్రారంభోత్సవం ఫోటో అడుగుతారు, పంపండి. దాంతోపాటు ఏడాది చివర్లో మీ రిజిస్టరులోని నాలుగో గడి లెక్క కూడా పంపుతామని ఇప్పుడే చెప్పండి. వాళ్లలో డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉండే ఉంటారు. కంపెనీ ఇచ్చిన కాగితాలు చదివిపెట్టమని వాళ్లనే అడగండి. డబ్బు ఇచ్చినవాళ్లు ఆ పని కూడా ఇష్టంగా చేస్తారు.

కెమెరా కంపెనీకి ఈ వారమే ఉత్తరం రాయండి: బయటివాళ్లు చేసిన పరీక్ష, రెండు అంకెలు, రెండు లైసెన్సులు, అప్‌డేట్ సంగతి, మూడు నెలల ట్రయల్. జవాబులు వచ్చాక ఆ కాగితాలు నాకు పంపండి, చదివి ఏది సరిగ్గా ఉందో, ఏది ఇంకా అడగాలో రాస్తాను.